బ్రిటిషు ప్రధానమంత్రులు – మన డెల్టా లెక్క

డయాసిస్ శతాబ్ది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని పెద్దలు అడిగినప్పుడు, మన మిషనెరీల జీవితాల గురించి వ్రాద్దామని మొదట అనుకొన్నాను. కాని కర్లపాలెంలో ఒక సాయంకాల కూటం ముగిసిన తరువాత, కాలేజీలో చదువుకొంటున్న మన యువకుడొకడు నన్ను ఆపి వేసిన ప్రశ్న నా ఉద్దేశాన్ని మార్చింది. "అయ్యగారూ, మాతో చదివేవాళ్లు మీది దొరల మతం అంటున్నారు. బెంగాల్ కరువులో జనాన్ని చావనిచ్చిన చర్చిల్ మీవాడే కదా అంటున్నారు. నన్నేం చెప్పమంటారు?" అన్నాడు. ప్రక్కనే ఉన్న ఒక పెద్దాయన కల్పించుకొని, "చెప్పేదేముందిరా, దొరలు లేకపోతే మనకు కాలువా లేదు, బడీ లేదు, గుడీ లేదు" అన్నాడు.

ఆ ఇద్దరి మాటా నాకు సరిగా తోచలేదు. యువకునిది సిగ్గు, పెద్దాయనది కృతజ్ఞత. రెండిటి అడుగునా ఉన్న పొరపాటు ఒక్కటే. లండనులో రాజ్యం చేసినవాళ్లు, మన ఊళ్లకు వాక్యం తెచ్చినవాళ్లు ఒక్క ఇంటివాళ్లేనని ఇద్దరూ అనుకొంటున్నారు. అందుచేత బ్రిటిషు ప్రధానమంత్రులలో కొందరిని తీసుకొని, స్వదేశంలో వారికి వచ్చిన పేరేమిటో, మన కృష్ణా పడమటి డెల్టా వైపు నుంచి చూస్తే వారి లెక్క ఎలా తేలుతుందో చెప్పుదును.

ముందుగా ఒక మాట. 1858 వరకు మన దేశాన్ని ఏలినది ఈస్టిండియా కంపెనీ. లండను ప్రభుత్వం దానిపై అజమాయిషీ మాత్రం చేసేది. మంత్రివర్గంలో ఇండియా కార్యదర్శి అనే మంత్రి 1858 తరువాతనే వచ్చాడు. కాబట్టి మొదటివారి బాధ్యత కొంత దూరపు బాధ్యత, తరువాతి వారిది నేరుగా వారి మెడ మీదిదే.

కంపెనీ వారు మిషనెరీలను పిలిచి పీట వేశారనేది చాలామంది నమ్మే అబద్ధం. 1813కు పూర్వం వారు మిషనెరీలను తమ ప్రాంతాలలో ఉండనిచ్చేందుకే ఇష్టపడలేదు. విలియం కేరీ గారు కంపెనీ నీడ కింద పని చేయలేక డేనిష్ వారి శ్రీరాంపురంలో తలదాచుకోవలసి వచ్చింది. ఆ తలుపు తెరిపించినది విల్బర్‌ఫోర్స్ మొదలైన భక్తుల పోరు. వారికి అనుకూలుడైన ప్రధాని స్పెన్సర్ పెర్సివల్ 1812 మే 11న పార్లమెంటు ఆవరణలోనే తుపాకి గుండుకు బలి అయినాడు. హత్యకు గురైన బ్రిటిషు ప్రధాని ఆయన ఒక్కడే. ఆయన తరువాత వచ్చిన లార్డ్ లివర్‌పూల్ కాలంలో, 1813 చార్టర్ చట్టం ద్వారా మిషనెరీలకు అనుమతి దొరికింది, విద్యకు ఏటా లక్ష రూపాయలు కేటాయించబడింది. లివర్‌పూల్ 15 ఏండ్లు ప్రధానిగా ఉండి కూడ, ఈనాడు అక్కడ కూడ ఎక్కువమంది తలచుకోని మనిషి. ఇక 1842లో గుంటూరుకు వచ్చిన ఫాదర్ హయ్యరు గారు, 1866లో ఒంగోలుకు వచ్చిన క్లౌ దొరగారు అమెరికా నుంచి వచ్చినవారు. వారికి ఏ బ్రిటిషు ప్రధానీ యజమాని కాడు. యువకునికి నా జవాబులో మొదటి సగం ఇదే.

రెండవ సగం కష్టమైనది.

ఎర్ల్ గ్రే పేరు ఇప్పుడు టీ పొడి డబ్బాల మీద కూడ కనిపిస్తున్నది. 1830 నుంచి 1834 వరకు ఆయన ప్రధాని. 1832లో ఓటు హక్కును విస్తరింపజేసిన సంస్కరణ చట్టం, 1833లో బానిసత్వ నిర్మూలన చట్టం ఆయన హయాంలోనివే. ఆ కీర్తి ఆయనకు న్యాయమైనదే. కాని బానిసత్వ చట్టంలోనే ఒక నిబంధన పెట్టి కంపెనీ ప్రాంతాలను దానికి వెలుపల ఉంచారు. మన దేశపు పాలేరుకు, జీతగానికి ఆ చట్టం వర్తించలేదు. అదే నందన సంవత్సరంలో మన గుంటూరు జిల్లాకు డొక్కల కరువు వచ్చింది. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయినట్లు అంచనా. లండను వీధులలో సంస్కరణ చట్టానికి దీపాలు పెట్టిన ఏడాదిలోనే మన జిల్లాలో దారి ప్రక్కల శవాలు పడి ఉన్నాయి. ఆ కరువు తలపులే, శిస్తు పడిపోయి ఖజానాకు తగిలిన దెబ్బే, తరువాత కృష్ణకు ఆనకట్ట కట్టాలనే ఆలోచనకు బలమిచ్చాయి. కాటన్ దొర సలహా మీద కెప్టెన్ ఓర్ 1852లో మొదలుపెట్టి 1855లో బెజవాడ ఆనకట్ట ముగించాడు. ఆ సంవత్సరాలలో ప్రధానిగా ఉన్న అబర్డీన్ ప్రభువు క్రిమియా యుద్ధం సరిగా నడపలేదని పదవి పోగొట్టుకొన్నాడు. మన కాలువకు ఆయన చేసిందేమీ లేదు. మన పెద్దాయన దణ్ణం పెట్టవలసి వస్తే కాటన్‌కు, ఓర్‌కు, మట్టి మోసిన కూలీలకు పెట్టాలి కాని ప్రధానమంత్రికి కాదు.

ఇక ధాత కరువు. దీని దగ్గర కొంతసేపు ఆగక తప్పదు.

1874 నుంచి 1880 వరకు ప్రధాని బెంజమిన్ డిజ్రేలీ. యూదుల ఇంట పుట్టి, 12వ ఏట బాప్తిస్మము పొంది, నవలలు వ్రాసి పేరు తెచ్చుకొని, ఆ కాలపు వివక్షనంతా దాటుకొని ప్రధాని అయిన మనిషి. ఆ మేరకు గౌరవించవలసినవాడే. ఆయన మంత్రివర్గంలో ఇండియా కార్యదర్శి లార్డ్ సాలిస్‌బరీ. తరువాత మూడుసార్లు ప్రధాని అయినది ఈయనే. ఈయన దృఢమైన చర్చి మనిషి. అంత నిష్ఠగల ప్రధానులు ఆ దేశంలో అరుదు.

సాలిస్‌బరీకి కరువు కొత్త కాదు. 1866 వేసవిలో, 36 ఏండ్ల వయసున, మొదటిసారి ఇండియా కార్యదర్శి అయినాడు. ఒరిస్సాలో అప్పటికే జనం ఆకలితో చస్తున్నారు. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండిన గంజాం జిల్లా కూడ ఆ బాధ పడింది. క్రింది అధికారులు భయపడవలసిందేమీ లేదని వ్రాసిన కాగితాలు నమ్మి ఆయన రెండు నెలలు ఊరుకొన్నాడు. అంతలో వర్షాకాలం వచ్చి రేవులు మూసుకుపోయాయి, బియ్యం పంపే దారి లేకపోయింది. దాదాపు 10 లక్షల మంది పోయారు. ఆ నేరంలో తనకు భాగమున్నదని ఆయన తరువాత ఒప్పుకొన్నాడు. ఒప్పుకోని వారి నడుమ అది చిన్న విషయం కాదు. 1874లో బీహారుకు కరువు వచ్చినప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బ్రతికించాడు. చనిపోయినవారు బహు కొద్దిమంది. దానికి టెంపుల్‌కు దక్కిన బహుమానం, డబ్బు దండుగ చేశాడనే నింద!

ధాత సంవత్సరంలో, అనగా 1876లో, మన మద్రాసు రాజధానిలో వానలు పోయాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు ఎండిపోయాయి. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ధాన్యం కొని నిలువ చేయబోతే, డిజ్రేలీ పంపిన వైస్రాయి లిట్టన్ చీవాట్లు పెట్టాడు. ధాన్యం వర్తకంలో ప్రభుత్వం చేయి పెట్టరాదని వారి సిద్ధాంతం. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియా రాణిగారిని భారత చక్రవర్తినిగా చాటారు. ఆ బిరుదు డిజ్రేలీ పార్లమెంటులో పట్టుబట్టి సాధించినది. దర్బారు అయిన వెంటనే అదే టెంపుల్‌ను మద్రాసుకు పంపారు. ఈసారి ఆయన పాత నింద మళ్లీ పడకుండా జాగ్రత్తపడ్డాడు. కరువు పనిలో మగమనిషి కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మట్టి తవ్వే మనిషి దానితో బ్రతకడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ పోరాడగా పోరాడగా కొన్ని నెలలకు ఆ కూలి పెంచారు. ఆ రెండేండ్లలో బ్రిటిషు ప్రాంతాలలోనే 50 లక్షలకు పైగా మరణాలు లెక్కకు వచ్చాయి.

ఆ కాలమంతా, 1878 ఏప్రిల్ వరకు, లండనులో ఇండియా బాధ్యత సాలిస్‌బరీది. 1875లోనే ఆయన తన చేత్తో ఒక మాట వ్రాసి ఉన్నాడు. ఇండియా నెత్తురు తీయక తప్పనప్పుడు, నెత్తురు నిండుగా ఉన్నచోట కత్తి పెట్టాలి కాని, ఇప్పటికే పాలిపోయిన పల్లెల మీద కాదని దాని భావం. రైతు మీద జాలితోనే వ్రాశాడు. కాని తీసేది నెత్తురని ఆయనకు తెలుసు. దాదాభాయి నౌరోజీ గారు ఈ మాటను పట్టుకొని ఎన్నో ఉపన్యాసాలలో వారికే అప్పజెప్పారు.

అదే సమయంలో ఒంగోలు దగ్గర ఏమి జరిగినదో చూడండి. మద్రాసు నుంచి వచ్చే బకింగ్‌హామ్ కాలువను పెదగంజాం వద్ద మన కొమ్మమూరు కాలువతో కలపడానికి కరువు పనులు సాగాయి. క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించి కూలి ఇచ్చారు. ఆయన ఉపదేశులు ఆ గంపల మధ్య తిరిగి వాక్యం చెప్పారు. వేలమంది బాప్తిస్మము అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని, కరువు సహాయం ఉన్నంత కాలం, 15 నెలలు, ఒక్కరికీ ఇవ్వలేదు. సహాయం ఆగిన తరువాత కూడ వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినాన 2,222 మందికి బాప్తిస్మము ఇవ్వబడింది. అది బాప్టిస్టు సహోదరుల చరిత్ర అయినప్పటికీ, బియ్యం క్రైస్తవులని మనలను ఎగతాళి చేసేవారికి తెలుగు క్రైస్తవులంతా చూపించదగిన తారీఖు.

సరిగ్గా ఆ దినాన డిజ్రేలీ, సాలిస్‌బరీ ఇద్దరూ బెర్లిన్ నగరంలో ఐరోపా రాజుల మంత్రులతో సభలో కూర్చున్నారు. టర్కీ సరిహద్దులు సర్దుబాటు చేసి, సైప్రస్ దీవి సంపాదించి, ఆ నెలలోనే లండను చేరితే జనం జయజయధ్వానాలు చేశారు. వారి జీవిత చరిత్రలలో బెర్లిన్‌కు అధ్యాయాలున్నాయి. మద్రాసు కరువుకు ఎన్ని పుటలుంటాయో, లైబ్రరీలో ఆ పుస్తకం దొరికినవారు తిప్పి చూడవచ్చును.

అదే 1878లో పార్లమెంటు కమిటీ ఒకటి కాటన్ దొరను కూర్చోబెట్టి వందలకొద్దీ ప్రశ్నలు వేసింది. రైళ్లకు పోసిన డబ్బు కాలువలకు పోస్తే ఇంతమంది చావరని ఆయన వాదం. కమిటీకి అది రుచించలేదు. నీళ్లు పారిన కృష్ణా గోదావరి డెల్టాలు ఆ కరువులో నిలబడి, ఇతర జిల్లాలకు గింజలు పంపిన సంగతి మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

గ్లాడ్‌స్టన్ డిజ్రేలీకి ఆగర్భ శత్రువు. నాలుగుసార్లు ప్రధాని అయినాడు. హవార్డెన్‌లో తన ఊరి చర్చిలో నిలబడి స్వయంగా వాక్యపఠనం చేసేవాడు. ఇటువంటి మనిషిని మన సంఘాల్లో పెద్దగా ఎన్నుకొంటాము. 1833లో పార్లమెంటులో ఆయన చేసిన మొదటి పెద్ద ప్రసంగం మాత్రం, డెమెరారాలో బానిసలతో తోటలు సాగించిన తండ్రిని వెనకేసుకొని వచ్చినది. బానిసలు పోయిన తరువాత ఆ తోటలకు 1838లో మన దేశం నుంచి కూలీలను ఓడలో తెప్పించినవారిలో ఆ తండ్రే మొదటివాడు. కోరంగి రేవు నుంచి మన తెలుగువారు మారిషస్‌కు ఓడలెక్కిన కాలం అది. అయినా గ్లాడ్‌స్టన్ మారిన మనిషి. 1880లో తిరిగి ప్రధాని కాగానే లిట్టన్ స్థానంలో రిప్పన్ ప్రభువును పంపాడు. రిప్పన్ కతోలిక మతం పుచ్చుకొన్నవాడని ప్రొటెస్టంటులు గోల చేశారు. (మనవాళ్లే! చెప్పుకోవడానికి సిగ్గు.) ఆ రిప్పన్ దేశభాషా పత్రికల నోరు కట్టిన చట్టాన్ని 1882లో రద్దు చేశాడు, స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని ఫలితమే 1884 మద్రాసు చట్టం కింద వచ్చిన జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు. మన తాతల నాటి బోర్డు స్కూళ్లు అక్కడి నుంచి వచ్చినవే.

సాలిస్‌బరీ కథకు ఒక కొస మిగిలింది. 1888లో ప్రధానిగా ఉండగా, నల్లవాణ్ణి ఎన్నుకొనే స్థితికి ఇంగ్లీషు ఓటర్లు ఇంకా రాలేదని నౌరోజీ గారిని ఉద్దేశించి సభలో అన్నాడు. దేశమంతా ఆ మాట మ్రోగింది. అంతకుముందు నౌరోజీ పేరు వినని ఇంగ్లీషువాళ్లకు కూడ ఆయన తెలిసిపోయాడు. 1892లో లండనులోని ఫిన్స్‌బరీ నుంచి ఆయన గెలిచాడు. మెజారిటీ 5 ఓట్లు! అదే ఎన్నిక దరిమిలా సాలిస్‌బరీ పదవి దిగాడు.

లాయిడ్ జార్జి గురించి క్లుప్తంగా చెప్పుదును. తండ్రి లేని పిల్లవాడు. చెప్పులు కుట్టి, ఆదివారం ప్రసంగించే మేనమామ చేతిలో పెరిగాడు. మన పల్లెల్లో ఆయన కథ చెప్పితే ముసలివాళ్లు కన్నీళ్లు పెట్టుకొంటారు. స్వదేశంలో ముసలివారికి పింఛను, కార్మికునికి ఇన్సూరెన్సు తెచ్చినవాడు. కాని ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే చీరాల పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను కట్టలేమని 1921లో ఇండ్లు వదలి రామనగర్‌లో పాకలు వేసుకొన్నారు. 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నుల నిరాకరణ చేస్తే పటాలాలు దిగాయి. అదే ఏడు ఆగస్టులో ఆయన పార్లమెంటులో నిలబడి, ఇండియా పాలనకు ఆంగ్ల సివిల్ సర్వీసు ఉక్కు చట్రమనీ, అది తీసేస్తే కట్టడమే కూలుతుందనీ సెలవిచ్చాడు. పేదరికం ఎరిగినవాడికి పేద దేశం అర్థమౌతుందనే నమ్మకం అక్కడితో నాకు పోయింది.

మన సంఘస్థులను నేరుగా తాకిన ప్రధానులు మాత్రం రామ్సే మెక్‌డొనాల్డ్, స్టాన్లీ బాల్డ్విన్. మెక్‌డొనాల్డ్ పనిమనిషి కొడుకు, లేబరు పార్టీ మొదటి ప్రధాని. 1931లో ప్రత్యర్థులతో కలిసి మంత్రివర్గం కట్టినందుకు సొంత పార్టీయే ఆయనను వెలివేసింది. 1932 ఆగస్టు 16న కమ్యూనల్ అవార్డు ప్రకటించి అణగారిన కులాలకు, ఇండియన్ క్రైస్తవులకు కూడ వేరు నియోజకవర్గాలు ఇచ్చాడు. గాంధీగారు ఉపవాసం పట్టగా, సెప్టెంబరు 24న పూనా ఒడంబడికతో అణగారిన కులాల సంగతి మారింది, వారి స్థానాలు 71 నుంచి 148 అయినాయి. క్రైస్తవుల వేరు స్థానాలు అలాగే ఉండిపోయాయి. దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు ఈ వేరు స్థానాలు వద్దన్నారు. ఓట్ల కోసం గిరి గీసుకొన్న సంఘము పొరుగువానికి సువార్త ఎలా చెబుతుందని ఆయన బాధ. 1912లో ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన ఆ తొలి భారతీయుని మాట లండనులో ఎవరూ వినిపించుకోలేదు.

బాల్డ్విన్ ప్రధానిగా ఉండగా 1936 ఏప్రిల్ 30న షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. ఏ ఇండియన్ క్రైస్తవుడూ షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడని అందులో ఒక వాక్యం ఉన్నది. 1936 అనగానే ఇంగ్లండు వారికి ప్రేమ కోసం సింహాసనం విడిచిన ఎడ్వర్డ్ రాజు, ఆ వ్యవహారాన్ని నేర్పుగా దాటించిన బాల్డ్విన్ జ్ఞాపకం వస్తారు. మనకు జ్ఞాపకం ఉండవలసినది ఆ ఒక్క వాక్యం. మాలపల్లెలో, మాదిగపల్లెలో బాప్తిస్మము పొందినవాడికి ఊరిలో బావి మారలేదు, పిలుపు మారలేదు. కాగితం మీద మాత్రం కులం పోయింది. అయితే నింద అంతా బాల్డ్విన్ మీద వేస్తే అన్యాయం. 1950లో మన సొంత ప్రభుత్వం ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా కూడ అదే గీత గీసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గీత జరిపారు. మనకు జరపలేదు. క్రైస్తవ ప్రధాని చేతిమీదుగా వచ్చిన నష్టం ఇది. దొరల మతం వల్ల మీకు లాభాలు కలిగాయనేవారికి మన యువకుడు ఈ సంగతి చెప్పవచ్చును.

చర్చిల్ విషయానికి వస్తే, హిట్లరు ముందు తల వంచనివాడని లోకమంతా మెచ్చుకొన్నది. 2002లో బి.బి.సి. వారు ఓట్లడిగితే బ్రిటిషువారిలోకెల్లా గొప్పవాడుగా ఆయనే నెగ్గాడు. 1942లో బర్మా పోయి, రంగూను బియ్యం ఆగి, మన తెలుగు కూలీలు అడవుల గుండా నడిచి ఇండ్లు చేరారు. 1943లో బెంగాల్‌లో 30 లక్షల దాకా చనిపోయారు. యుద్ధము, తుఫాను, దొంగ వర్తకులు, చేతగాని ప్రభుత్వం అన్నీ కారణాలే. అయినా ధాన్యానికి ఓడలు కావాలని ఇండియా నుంచి మరల మరల అడుగుతుంటే చర్చిల్ మంత్రివర్గం చాలినన్ని ఇవ్వలేదన్నది దాచలేని సంగతి. యువకుని స్నేహితులు ఆ మాట వరకు నిజమే చెప్పారు. చర్చిల్‌ను సమర్థించే పని మన సంఘానిది కాదు.

చివరిగా క్లెమెంట్ అట్లీ. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన దినాన, మద్రాసులో ప్రకాశం పంతులు గారు తుపాకుల ముందు ఛాతీ చూపించారు. ఆ కమిషన్ ఏడుగురు సభ్యులలో అట్లీ ఒకడు. నల్లజెండాలు కండ్లారా చూసినవాడు. మితభాషి, బక్కపలుచని మనిషి. చర్చిల్ ముందు ఎవరికీ ఆనలేదు. 1945లో అదే చర్చిల్‌ను ఎన్నికలలో ఓడించి, రెండేండ్లలో అధికారం మన చేతికిచ్చాడు. తొందరపడి విభజన రక్తపాతానికి కారకుడయ్యాడని కొందరంటారు, అందులోనూ కొంత నిజమున్నది. 2004లో చరిత్ర ఉపాధ్యాయులను అడిగితే 20వ శతాబ్దపు ప్రధానులలో ఆయనకే మొదటి స్థానం ఇచ్చారు. ఈ అట్లీ, క్రైస్తవ నీతిని నమ్ముతాను కాని మిగిలిన నమ్మకాలు నాకు పట్టవని చెప్పినవాడు. ప్రతిదినం ప్రార్థన చేసిన సాలిస్‌బరీ ప్రక్కన ఈయనను నిలబెట్టి చూసినప్పుడు, పాస్టరునైన నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. వేదాంత కళాశాలలో చదువుకొన్న రోజులలో దీనికి నా దగ్గర సులువైన జవాబు ఉండేది. ఇప్పుడు లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. బిషప్పులను రాజుగారి పేరున ప్రధానమంత్రి ఎంచే ఇంగ్లండు పద్ధతి నుంచి ఇక్కడి ఆంగ్లికన్ సంఘము అప్పటికే, 1930లో, విడివడి ఉన్నది. ఆ విడుదల చట్టం 1927 నాటిది. దాన్ని పార్లమెంటులో గట్టెక్కించిన ప్రభుత్వం బాల్డ్విన్‌దే.

కర్లపాలెంలోను చుట్టుప్రక్కల పల్లెలలోను కొన్ని కుటుంబాల పెద్దలు, ధాత కరువులో తమ ముత్తాతలు ఒంగోలు వైపు నుంచి కాలువ వెంట నడిచి ఇక్కడికి చేరారని చెప్పగా విన్నాను. వారి పేర్లు లండను కాగితాలలో ఉండవు. మందిరంలో రిజిస్టర్ల ప్రక్కన ఇందుకోసం ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రశ్న అడిగిన ఆ యువకుడే వ్రాయడానికి ఒప్పుకొన్నాడు. మీ ఇండ్లలో వినికిడి ఉన్నంత వరకు, తప్పో ఒప్పో అని జంకకుండా, ఆదివారం ఆరాధన తరువాత వచ్చి అతనికి చెప్పవలెనని మనవి.